చెరువులో థాయ్‌లాండ్, ప్లేటులో చైనా

కైకలూరు, ఆకివీడు వైపు చేపల ప్యాకింగ్ షెడ్లలో ఐసు మర ఆడిందంటే ఆ రోజు లారీ కట్టినట్టే. ప్లాస్టిక్ ట్రేల్లో బొచ్చె, శీలావతి ఒక వరస. పక్కన మీసాలుండి, పొలుసు లేని వెండిరంగు చేప ఇంకో వరస. రైతులు దాన్ని ఫంగస్ అంటారు, మత్స్యశాఖ కాగితాల్లో పంగాసియస్. దాని పుట్టిల్లు మెకాంగ్, చావో ఫ్రయా నదులు. 1994-95 ప్రాంతంలో థాయ్‌లాండ్ నుంచి బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లో అడుగుపెట్టి, 2000ల్లో కొల్లేరు సరస్సు చుట్టుపక్కల చెరువుల్లోకి దిగింది. ఇప్పుడు ఇక్కడ పెరిగి, ఐసు పెట్టెలో తిరిగి బెంగాల్, అస్సాం దారే పడుతోంది.

గట్టు మీద మేత బస్తాలు చూసినా అదే కథ. సీపీ పేరున్న బస్తా వెనక చరోయెన్ పోక్‌ఫాండ్ ఉంది. 1921లో చైనా నుంచి వలస వచ్చిన అన్నదమ్ములు బ్యాంకాక్‌లో పెట్టిన విత్తనాల కొట్టే ఆ మహాసంస్థకు మొదలు. కొవ్వూరు దగ్గర మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్ కంపెనీకి వాటా ఉంది. చేప అక్కడిది, మేతలో పెట్టుబడి అక్కడిది, రొయ్య పెంపకంలో పాఠాలూ చాలావరకు అక్కడివే. అలాంటప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం హోటళ్లలో కూర్చుని థాయ్ వంట అడిగితే ఏమొస్తుంది? వచ్చినదాన్ని అసలుతో, ఇక్కడి పులుసుతో పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తేలుతుంది?

మెనూ పుస్తకంలో థాయ్

ఈ రెండు ఊళ్లలో బయట తిండి మూడు రకాల చోట్ల దొరుకుతుంది. ఒకటి ఏసీ హాలు, మల్టీ క్యూజిన్ బోర్డు ఉన్న రెస్టారెంటు. రెండోది పొద్దుగూకాక వెలిగే ఫాస్ట్‌ఫుడ్ బండి. మూడోది మధ్యాహ్నం ఆకేసి గానీ స్టీలు కంచం పెట్టి గానీ వడ్డించే మెస్సు. థాయ్ అనే మాట కనిపిస్తే మొదటి రకంలోనే కనిపిస్తుంది. సూపుల పేజీలో టామ్ యమ్, స్టార్టర్లలో థాయ్ చికెన్, థాయ్ చిల్లీ ప్రాన్స్, నూడుల్స్ వరసలో పాడ్ థాయ్. కాస్త సాహసం చేసిన చోట గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ. వీటికంటూ ప్రత్యేకంగా ఒక పేజీ ఉండటం అరుదు. చైనీస్ పేజీలోనే మంచూరియాకీ షెజ్వాన్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటాయి.

వంటింట్లోనూ వాటి చోటు అదే. ఈ వంటలు చేసేది చైనీస్ మాస్టర్. తందూరీ మాస్టర్ వేరు, బిర్యానీ మాస్టర్ వేరు. చైనీస్ మాస్టర్లలో నేపాల్ నుంచో, బెంగాల్, ఒడిశాల నుంచో వచ్చినవాళ్లు ఎక్కువ. ఆయన ముందు పెద్ద మంట, ఇనప కడాయి, వరసగా సాసుల గిన్నెలు, టేస్టింగ్ సాల్ట్ డబ్బా. థాయ్ చికెన్ అని చీటీ వస్తే ముక్కలకు కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా, తీపి చిల్లీ సాస్‌లో నాలుగు తిప్పులు తిప్పి, పైన ఉల్లికాడలు చల్లి పంపేస్తాడు. చిల్లీ చికెన్‌కీ దీనికీ తేడా ఆ తీపి సాసు ఒక్కటే. కరకరలాడుతుంది, బాగానే ఉంటుంది. అయితే దాని తాత కోల్‌కతా టాంగ్రాలోని చైనా వాళ్ల వంటిల్లు. బ్యాంకాక్‌తో దానికి బంధుత్వం లేదు.

పాడ్ థాయ్ పరిస్థితి ఇంకొంచెం విచిత్రం. సయాం పేరు 1939లో థాయ్‌లాండ్‌గా మారింది. ఆ కాలపు ప్రధాని ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ జాతీయవాదాన్ని తలకెత్తుకుని, దేశమంతా తినాల్సిన వంటకంగా బియ్యపు నూడుల్స్‌ను ప్రచారం చేయించాడు. అందులో పులుపు చింతపండుది, తీపి తాటిబెల్లానిది, ఉప్పు చేపల సాసుది. పైన వేయించిన వేరుశనగ పలుకులు, ఎండు రొయ్యలు. అంటే మన వంటింటి డబ్బాలన్నీ అందులో ఉన్నాయి. కానీ ఇక్కడ పాడ్ థాయ్ పేరుతో వచ్చే ప్లేటులో గోధుమ నూడుల్స్, టొమాటో కెచప్ ఎక్కువగా దర్శనమిస్తాయి. చింతపండు కాపురముండే గోదావరి జిల్లాలో చింతపండు వేయాల్సిన వంటకంలోకి కెచప్ వచ్చి చేరడం మాస్టర్ తప్పు కాదు. ఆయన నేర్చుకున్న వంటలో చింతపండు లేదు. పక్క పొయ్యి మీద సాంబారు కాచే మాస్టర్ దగ్గర ఉంది, కానీ ఇద్దరి గిన్నెలూ కలవవు.

టామ్ యమ్ అసలూ నకలూ

థాయ్ వంటల్లో ప్రపంచం ఎక్కువగా ఎరిగినది టామ్ యమ్ కుంగ్, రొయ్యల పులుపు చారు. 2024 డిసెంబరులో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చారు మరుగుతుండగా నిమ్మగడ్డి కాడను, దుంపరాష్ట్రం చక్రాలను చితక్కొట్టి వేస్తారు. మక్రుట్ నిమ్మ ఆకులు చించి వేస్తారు. రొయ్య తలకాయలోని ఎర్రటి కొవ్వు చారులోకి దిగి పైన నూనెచుక్కలుగా తేలుతుంది. రొయ్య ముడుచుకోగానే పొయ్యి కట్టేసి, అప్పుడు పిండుతారు నిమ్మరసం. మంట మీద పిండితే చేదెక్కుతుంది, వాసన పోతుంది. నిమ్మగడ్డి, దుంప నమలడానికి కాదు. మన పోపులో కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టే అక్కడా పక్కకు నెట్టి తాగుతారు.

ఊళ్లో దొరికే టామ్ యమ్‌లో మొదట తగిలేది కార్న్‌ఫ్లోర్ చిక్కదనం, ఆ తరవాత వెనిగర్ ఘాటు. హాట్ అండ్ సోర్ సూపులో రెండు పుట్టగొడుగు ముక్కలు, రెండు రొయ్యలు వేసినట్టుంటుంది. నిమ్మగడ్డి వేసే హోటలు ఉంటే అక్కడ సూపు ఒక్కసారిగా మారిపోతుంది. మిగతావన్నీ లేకపోయినా ఆ ఒక్క గడ్డితో అసలు ఎలా ఉంటుందో అందుతుంది. అందుకే ఈ ప్రాంతంలో థాయ్ పేరున్న వంటకాలను పోల్చాలంటే ఒక తేలికైన పరీక్ష ఉంది: సూపులో గడ్డి కాడ ఉందా, పిండి చిక్కదనం ఉందా? మొదటిది ఉండి రెండోది లేకపోతే ఆ వంటింట్లో ఎవరో థాయ్ వంట తెలిసి చేస్తున్నారన్నమాట.

గ్రీన్ కర్రీకి పరీక్ష వేరు. అది నిలబడేది కొబ్బరిపాల మీద, పచ్చిమిర్చి ముద్ద మీద. హోటళ్లు ఎక్కువగా సీసాలో వచ్చే ముద్దనే వాడతాయి, అందులో తప్పేమీ లేదు. బ్యాంకాక్‌లోనే సంతలో ముద్ద కొనుక్కునే ఇళ్లు బోలెడు. తేడా కొబ్బరిపాల దగ్గర వస్తుంది. పొడి కలిపిన పాలైతే కూర పిండిపిండిగా ఉంటుంది. ముదురు కొబ్బరి కోరి అప్పటికప్పుడు పిండిన పాలైతే పైన పచ్చని నూనె తేలుతుంది. తోటల నిండా కొబ్బరి ఉన్న జిల్లాలో ఆ రెండో పని చేయని హోటలుకు సాకు లేదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. థాయ్ కర్రీ ముద్దల్లో రొయ్యల ముద్ద, సాసుల్లో చేపల సాసు ఉండటం మామూలు. వెజ్ గ్రీన్ కర్రీ అని మెనూలో ఉన్నా సీసా మీద రాసింది చదివిన హోటలేనా అని అడిగి తీసుకోవడం మంచిది.

ఒకే చేప, రెండు వంటిళ్లు

థాయ్ పేరున్న వంటకాలు వదిలేసి చేపల దగ్గరికి వస్తే పోలిక రసవత్తరంగా మారుతుంది. ఎందుకంటే కొల్లేరూ, థాయ్‌లాండ్ మైదానాలూ ఒకే జాతుల చేపల మీద బతికాయి.

మొదటిది కొర్రమీను. అక్కడ దాని పేరు ప్లా చోన్. గాలి పీల్చి బతికే చేప కనుక ఏలూరు చేపల మార్కెట్లో తొట్టి నీళ్లలో ప్రాణంతోనే అమ్ముతారు. కొన్నాక చేయాల్సిన పని చిన్నది కాదు. జిగురు పోవాలంటే బూడిదలో పొర్లించి గరుకు బండ మీద రుద్దాలి. తెల్లగా తేలాక కత్తిపీట మీద మందంగా కోయాలి. ముల్లు తక్కువ, కండ గట్టి, అందుకే పులుసులో విరగదు. థాయ్‌వాళ్లు అదే చేప కడుపులో నిమ్మగడ్డి కుక్కి, ఒంటినిండా ఉప్పు దట్టంగా పట్టించి బొగ్గుల మీద కాలుస్తారు. కాలాక ఉప్పుతోలు ఒలిచి, తెల్లటి కండను పచ్చి ఆకుకూరల్లో చుట్టుకుని పచ్చిమిర్చి నిమ్మరసం నంజుకుని తింటారు. ఇక్కడ చేప రుచి పులుసులోకి దిగాలి, అక్కడ చేపలోనే నిలవాలి.

అలాగని వాళ్లకు పులుసు లేదనుకోకూడదు. గేంగ్ సోమ్ అనే కూర చూస్తే తెలుగువాడు ఉలిక్కిపడతాడు. కొబ్బరిపాలు లేవు. ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, రొయ్యల ముద్ద కలిపి నూరి, చింతపండు పులుపులో మరిగించి కొర్రమీను ముక్కలు వేస్తారు. దక్షిణ థాయ్‌లాండ్‌లో పసుపు కూడా పడి పచ్చగా ఉంటుంది. ఏలూరు మెస్సులో వడ్డించే చేపల పులుసుకు దీనికంటే దగ్గరగా ఉండే థాయ్ వంటకం ఇంకోటి లేదు. తేడాలు మూడు. మనం నూనెలో ఉల్లిపాయ మగ్గించి మెంతులు, ధనియాలు, జీలకర్రతో రుచి కడతాం, వాళ్లు నూనె లేకుండానే కాస్తారు. మనది దగ్గరపడ్డ పులుసు, వాళ్లది పలచటి చారు. మనది మర్నాటికి బాగుంటుంది, వాళ్లది పొయ్యి మీంచి దించగానే తాగాలి.

మర్నాటి రుచి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చేపల పులుసు చేయడం తెలిసినవాళ్లు ముక్క వేశాక గరిటె పెట్టరు. వెడల్పు మూతి దాకను గుడ్డతో అంచులు పట్టి గుండ్రంగా కదుపుతారు. ముక్క మీద పులుసు ఎక్కి దిగుతుంది, కండ చెదరదు. రాత్రంతా అదే దాకలో ఉండగా చింతపండు పులుపు కాస్త మెత్తబడి, ఉప్పూ కారమూ ముక్క లోపలిదాకా పడతాయి. మెస్సుల్లో చేపల పులుసు బాగుందీ అంటే చాలాసార్లు అది ముందురోజు రాత్రి కాచినది.

రెండోది పండుగప్ప. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతికే ఈ చేపకు కొల్లేటి నుంచి సముద్రానికి నీరు పోయే ఉప్పుటేరు సహజమైన దారి. థాయ్‌లో ప్లా కపోంగ్. 1970ల మొదట్లో దాన్ని హేచరీలో పిల్లలు పెట్టించడం సాధించింది థాయ్‌లాండ్‌లోని సాంగ్‌ఖ్లా కేంద్రమే. అక్కడి వంటకం చేపను చేపగానే ఆవిరి మీద ఉడికించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన చారు పోయడం. ఇక్కడ మళ్లీ పులుసే, లేదంటే ముక్కలు కోసి మసాలా పట్టించి వేపుడు. ఆవిరి మీద ఉడికించిన చేప అంటే పథ్యం అనుకునే చోట ఆ థాయ్ వంటకం అమ్మడం కష్టమే. కానీ పండుగప్ప కండలో ఉండే సహజమైన కొవ్వు తెలియాలంటే మసాలా లేని ఆవిరే గెలుస్తుంది, ఈ ఒక్క చోట పైచేయి థాయ్ వంటింటిదే.

మూడోది నీలకంఠ రొయ్య. బ్యాంకాక్‌లో మంచి టామ్ యమ్ కుంగ్‌కి వాడే నదీ రొయ్య ఇదే జాతి. పొడవాటి నీలి చేతులు, పెద్ద తలకాయ. థాయ్‌లాండ్‌లోని అయుత్థయలో దాన్ని నిలువునా చీల్చి బొగ్గుల మీద కాల్చి అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. ఇది మంచినీటిలో పెరిగినా పిల్లలకు మొదట ఉప్పు కలిసిన నీరు కావాలని 1960ల్లో మలేషియాలో శాస్త్రవేత్త షావ్ వెన్ లింగ్ కనుక్కున్నాకే దాని పెంపకం సాధ్యమైంది. కొల్లేరుకు ఉప్పుటేరు ఎందుకు ముఖ్యమో అక్కడే తెలుస్తుంది: ఆ దారి మూసుకుపోతే సహజమైన నీలకంఠం పైకి రాదు. 2000ల మొదట్లో ఈ జిల్లాల చెరువుల్లో స్కాంపి పేరుతో దీన్ని విస్తారంగా పెంచారు. తెగుళ్లు వచ్చి పడ్డాయి, ఆ తరవాత వెనామీ రకం రొయ్య వచ్చి దాని చోటు ఆక్రమించింది. ఇప్పుడు హోటల్లో రొయ్యల ఇగురు అడిగితే వచ్చేది దాదాపుగా వెనామీయే. రుచిలో తీపి ఉంటుంది గానీ తలకాయ కొవ్వు అంత ఉండదు. ఇగురుకు సరిపోతుంది, అసలైన టామ్ యమ్‌కి చాలదు.

నాలుగోది మొదట చెప్పుకున్న ఫంగస్. థాయ్‌లాండ్‌లో కూడా అది చౌక చేపే. ఇక్కడి ఇళ్లలో దాన్ని పెద్దగా వండరు. నూనె వాసన అంటారు, చెరువు చేప అంటారు. కానీ ముల్లు ఒకే వరసలో ఉండి తేలిగ్గా ఊడివస్తుంది కనుక బోన్‌లెస్ అనగానే హోటళ్లకు అదే గతి. హైదరాబాదులో పుట్టిన అపోలో ఫిష్ మొదట్లో కొర్రమీనుతో పేరు తెచ్చుకున్న వంటకం. ధరలో కొర్రమీను కొన్ని రెట్లు పైకి పోవడంతో చాలా చోట్ల ఆ ప్లేటులోకి పంగాసియస్ వచ్చింది. థాయ్ స్టైల్ ఫిష్ అని ఎక్కడైనా కనిపిస్తే ఆ చేప ఇదే కావడానికి అవకాశం ఎక్కువ. ఆ లెక్కన అందులో చేప ఒక్కటే థాయ్.

ఆకులో ఉంది తేడా

ఇంత దగ్గర ముడిసరుకుతో రెండు వంటలు ఎందుకు వేరయ్యాయి? మిరపకాయ రెండు చోట్లకూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల కాలంలోనే వచ్చింది. వరి రెండు చోట్లా ప్రాణం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, ఇక్కడి పొలాలను ఏలింది. థాయ్‌లాండ్‌లో 1959లో విడుదలైన ఖావో డాక్ మాలీ 105 అనే సువాసన బియ్యం వాళ్ల పేరు ప్రపంచానికి చెప్పింది. చింతపండు, తాటిబెల్లం, కొబ్బరి, ఎండు రొయ్యలు రెండు చోట్లా ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ ముక్కల పులుసులో బెల్లం వేయనిదే పులుసు అనిపించుకోదు. అంటే తీపి, పులుపు, కారం కలిపి తినే నాలుక కూడా ఉంది.

తేడా మొదట పులియబెట్టడంలో ఉంది. మిగిలిన చేపను ఎలా దాచాలన్న ప్రశ్నకు థాయ్‌వాళ్ల జవాబు ఉప్పేసి నెలల తరబడి ఊరబెట్టడం. దాని నుంచి చేపల సాసు, రొయ్యల ముద్ద, ఈశాన్య థాయ్‌లాండ్‌లో ప్లా రా అనే ఊరబెట్టిన చేప వచ్చాయి. మన జవాబు ఎండబెట్టడం. ఉప్పుచేప, ఎండు మెత్తళ్లు, రొయ్యపొట్టు. వంకాయలో రొయ్యపొట్టు వేసినప్పుడు వచ్చే లోతైన రుచీ, చేపల సాసు ఇచ్చే రుచీ ఒకే రకం పని చేస్తాయి. పని ఒకటే, వాసనలు వేరు.

రెండో తేడా ఆకులో ఉంది. మనం ధనియాలు, జీలకర్ర, మెంతులు వంటి ఎండు గింజలతో పరిమళం తెస్తే వాళ్లు పచ్చి ఆకులతో, దుంపలతో తెస్తారు. ఆ దుంప, ఆకు ఇక్కడ లేవనుకోవడం పొరపాటు. దుంపరాష్ట్రం మూలికల కొట్టులో ఎండు ముక్కలుగా దొరుకుతుంది, దగ్గు మందుగా తెలుసు. నిమ్మగడ్డి పెరటి కుండీలో పెరుగుతుంది, టీలో వేస్తారు. మక్రుట్ ఆకు దొరక్కపోతే దానికి దగ్గరగా పనికొచ్చేది దబ్బాకు, దాన్ని ఎండాకాలం మజ్జిగలో నలిపి వేస్తారు. సబ్జా గింజలిచ్చే మొక్క ఆకు థాయ్ తీపి తులసికి సొంత బంధువు. అన్నీ ఉన్నాయి, ఏవీ కూరలోకి రాలేదు.

ఇక పాడ్ క్రపావ్ అనే వేపుడులో వాళ్లు వాడేది మన కోటలో పెట్టి పూజించే తులసే. మాంసంతో పాటు గుప్పెళ్లకొద్దీ వేసి వేపుతారు. ఆ వంటకం ఉన్నదున్నట్టుగా తాడేపల్లిగూడెం మెనూలోకి ఎక్కించే హోటలు యజమానిని ఊహించడం కష్టం. బేసిల్ చికెన్ పేరుతో అమ్మేచోట వేరే ఆకు వేస్తారు, కొన్నిచోట్ల కొత్తిమీరతో సరిపెడతారు.

చేప వచ్చింది, వంట ఎందుకు రాలేదు

థాయ్ వంట దేశాలు దాటింది తనంతట తాను కాదు. 2002లో అక్కడి ప్రభుత్వం గ్లోబల్ థాయ్ పేరుతో ప్రపంచమంతా థాయ్ రెస్టారెంట్ల సంఖ్య పెంచే పథకం పెట్టింది. వంటవాళ్లకు శిక్షణ, సరుకు ఎగుమతికి ఊతం, నాణ్యమైన హోటళ్లకు గుర్తింపు పత్రం ఇచ్చింది. మన దేశంలో ఆ వంట 1990ల నుంచి ముంబై, కోల్‌కతా లాంటి నగరాల నక్షత్రాల హోటళ్ల ద్వారా అడుగుపెట్టింది, తరవాత హైదరాబాదు మాల్స్‌కు చేరింది. జిల్లా కేంద్రాల దాకా వచ్చేసరికి మిగిలింది పేరు.

తెలుగువాళ్లు థాయ్ వంటను అసలు రుచితో ఎరిగింది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో. అమెరికాలో చదువుకునే పిల్లలకు అన్నం, కారం, పులుపు మూడూ ఒకేచోట దొరికే బయట తిండి అది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఇటాలియన్ హోటల్లో సగం వదిలేసి, థాయ్ హోటల్లో మటుకు ఇంకో గరిటె అన్నం అడుగుతారు. రెండో దారి బ్యాంకాక్ యాత్రలు. మేత, ఎరువులు, సిమెంటు కంపెనీలు డీలర్లకు బహుమతిగా ఇచ్చే టూర్లలో బ్యాంకాక్, పట్టాయాలది పాత స్థానం. 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా మినహాయింపు కూడా రావడంతో 2024లో అక్కడికి వెళ్లిన భారతీయుల సంఖ్య 20 లక్షలు దాటింది. అయితే ఆ టూర్లలో భోజనం సాధారణంగా ఇండియన్ రెస్టారెంట్లోనే బుక్ చేస్తారు. థాయ్‌లాండ్ వెళ్లి పప్పు, రసం తిని వచ్చినవాళ్లకు ఊళ్లో థాయ్ హోటలు లేదన్న బెంగ ఎక్కడి నుంచి వస్తుంది?

రొయ్యల వ్యాపారంలో మాత్రం రెండు ప్రాంతాలూ ఒకదాని కష్టంలోంచి ఒకటి ఎదిగాయి. 2009లో మన దేశంలో వెనామీ సాగుకు అనుమతి వచ్చింది. 2012-13లో ఈఎంఎస్ తెగులు థాయ్ రొయ్యల చెరువులను దెబ్బతీసి అక్కడి దిగుబడి సగానికి పైగా పడిపోయింది. అమెరికా కొనుగోలుదార్లు ఇటు తిరిగారు, ఆంధ్ర వెనామీ దశ తిరిగింది. అప్పటిదాకా అమెరికన్ల పళ్లెంలోకి థాయ్ రొయ్య పోతుంటే, ఆ తరవాత భీమవరం, కైకలూరు రొయ్య పోయింది. తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఆ రొయ్యకు ఇక్కడి వంట అవసరం లేదు, థాయ్ వంట అవసరమూ లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మాత్రం ఊళ్లోనే రొయ్య తినాలన్న మాట గట్టిగా వినిపించింది. పండించేవాళ్లే తక్కువ తింటున్నారన్న సంగతి అప్పుడు చర్చకొచ్చింది.

కొల్లేటి చేపకూ ఇలాంటి చిక్కే ఉంది. 1999లో +5 అడుగుల కాంటూరు లోపలి భాగం అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు వచ్చింది, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తరవాత కూడా పరిసరాల్లో చేపంటే ప్రధానంగా చెరువు చేపే. సరస్సులో దొరికే మట్టగిడసలు, జెల్లలు, పరిగెలు హోటళ్లదాకా రావు, ఊళ్లలోనే అయిపోతాయి. కొల్లేరు చేపల పులుసు అని బోర్డు పెట్టిన చోట వండేది చెరువు కొర్రమీను గానీ, బొచ్చె గానీ కావచ్చు. దాన్ని మోసం అనలేం, ఆ చెరువూ కొల్లేటి నీళ్లదే.

ఎక్కడ ఏం తినాలి

అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు ఇలా వస్తుంది. ఏసీ రెస్టారెంట్లలో థాయ్ పేరున్న స్టార్టర్లకు ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు. అదే మాస్టర్ చేసే చిల్లీ ప్రాన్స్, పెప్పర్ ప్రాన్స్ వాటికంటే నమ్మకంగా ఉంటాయి, ఎందుకంటే అవి ఆయన రోజూ చేసే వంట. టామ్ యమ్ అడిగితే పిండి వేయొద్దని, నిమ్మకాయ విడిగా ఇమ్మని చెప్పి తెప్పించుకుంటే సగం దోషం పోతుంది. గ్రీన్ కర్రీ కొబ్బరిపాలు తాజాగా పిండే చోటే తినాలి. పాడ్ థాయ్‌కి హైదరాబాదు దాకా ఆగడమే నయం.

ఫాస్ట్‌ఫుడ్ బండ్ల సంగతి వేరు. అవి థాయ్ అని చెప్పుకోవు. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ వచ్చాక బయటి రాష్ట్రాల పిల్లలూ చేరారు, నూడుల్స్, ఫ్రైడ్ రైస్‌కు సాయంత్రం గిరాకీ ఖాయం. వేడి కడాయిలో నిమిషంలో తిప్పి ఇచ్చే పద్ధతిలో బ్యాంకాక్ వీధి తిండికి ఈ బండ్లే ఎక్కువ దగ్గర. వాటికి కావాల్సింది సోయా సీసా పక్కన ఒక చేపల సాసు సీసా, నాలుగు నిమ్మచెక్కలు.

పులుపూ కారమూ కలిసిన చేప కావాలంటే మాత్రం ఏలూరు మెస్సుల్లో, కైకలూరు దారిలోని చిన్న హోటళ్లలో మధ్యాహ్నం ఒంటిగంటలోపు కూర్చోవాలి. కొర్రమీను పులుసు, చింతచిగురు రొయ్యలు, మామిడికాయ మెత్తళ్లు, గోంగూర రొయ్యపొట్టు. వీటిలో కనీసం రెండు థాయ్‌లాండ్ నుంచి వచ్చిన అతిథికి పెడితే కొత్త లేకుండా తింటాడు. ఆదివారం పండుగప్ప వచ్చిందని తెలిస్తే అది ముందు అడగాలి, రెండింటికల్లా అయిపోతుంది.

రేపు ఎవరైనా ఈ ప్రాంతంలో నిజంగా థాయ్ హోటలు పెడితే ముడిసరుకు కోసం దూరం పోనక్కర్లేదు. కొర్రమీను, పండుగప్ప, రొయ్య పక్కనే ఉన్నాయి. కొబ్బరి, నిమ్మ, తాటిబెల్లం, చింతపండు సంతలో ఉన్నాయి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది కనుక నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, తీపి తులసి పెంచడానికి సలహా అడగొచ్చు. బయటి నుంచి రావాల్సింది చేపల సాసు, రొయ్యల ముద్ద, మక్రుట్ ఆకు, వాటితో పాటు వంట తెలిసిన మనిషి. మెనూ మొదటి పేజీలో గ్రీన్ కర్రీకి బదులు గేంగ్ సోమ్ పెడితే గిరాకీ తేలిక, పులుసు తెలిసిన ఊరికి దాన్ని పరిచయం చేయక్కర్లేదు. రెండో వంటకంగా ఉప్పు పట్టించి కాల్చిన కొర్రమీను, మూడోదిగా నీలకంఠం దొరికిన రోజుల్లో మాత్రమే టామ్ యమ్. పాడ్ క్రపావ్ జోలికి మటుకు మొదటి ఏడాది పోకపోవడం మేలు.